ఆ 41 రిపోర్టుల సంగతి ఎవరూ ఎత్తరేం?

నవంబరులో యాంటీబయాటిక్ అవగాహన వారోత్సవం వచ్చిందంటే చాలు, ప్రతి వేదిక మీదా అదే సలహా: కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించందే మందు రాయొద్దు. ఐసీయూలో ఉన్న రోగి గురించి ఈ మాట అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూత్రంలో మంటగా ఉందంటూ పీహెచ్‌సీకి వచ్చిన పాతికేళ్ల ఆడమనిషికి కూడా ఇదే నియమం పెట్టాలనేవారితోనే నా పేచీ. శాస్త్రం పేరు చెప్పి ఆమెను మూడు రోజులు మంటతో వదిలేసే హక్కు వీళ్లకెవరిచ్చారు?

ఆమె జబ్బుకు కారణమైన క్రిమి ఏదో ల్యాబు చెప్పేదాకా ఆగాల్సిన పని లేదు. మిగతా ఆరోగ్యం బాగుండి, గర్భం లేని స్త్రీలకు వచ్చే మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో పదింట ఎనిమిదికి అటూ ఇటుగా ఈ. కోలి వల్ల వచ్చేవే. పేగుల్లో కాపురముండే ఈ బ్యాక్టీరియా, ఆడవాళ్లలో సుమారు నాలుగు సెంటీమీటర్లే ఉండే మూత్రమార్గం గుండా పైకి పాకుతుంది. మిగిలిన రెండింట్లో స్టెఫైలోకాకస్ సాప్రోఫైటికస్, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ వంటివి ఉంటాయి. ఇక జబ్బు గుర్తించడమా? మంట, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, ఈ రెండూ ఉండి తెల్లబట్ట, దురద లేవంటే ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం 90 శాతం పైమాటే. అందుకు కావాల్సింది రెండు ప్రశ్నలడిగే ఓపిక, ఆమె సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగే ఒక మూల గది.

కల్చర్‌ను తిరుగులేని తీర్పుగా చూసేవాళ్లు ఒక అధ్యయనం పేరు మాత్రం ఎత్తరు. 2013లో థామస్ హూటన్ బృందం దాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. మూత్రంలో మంటతో వచ్చిన స్త్రీల దగ్గర మామూలుగా డబ్బాలో పట్టే మూత్రం తీసుకున్నారు. ఆ వెంటనే సన్నని గొట్టంతో మూత్రాశయం నుంచి నేరుగా కూడా తీశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. డబ్బాలో ఈ. కోలి మిల్లీలీటరుకు 100 కాలనీలు కనిపించినా, 93 శాతం సార్లు మూత్రాశయంలోనూ అది ఉంది. ఎంటరోకాకస్, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్‌ల కథ వేరు. డబ్బాలో అవి ఎన్ని కాలనీలు పెరిగినా మూత్రాశయంలో ఉన్నాయని నమ్మడానికి వీల్లేకపోయింది. అవి కనిపించిన సందర్భాలు 41. వాటిలో 61 శాతం సార్లు మూత్రాశయంలోంచి నేరుగా తీసిన మూత్రంలో పెరిగింది ఈ. కోలి!

ఆ 41ని మన ఊరికి తెచ్చి చూడండి. ఆ అధ్యయనంలో శాంపిల్ పద్ధతిగా తీశారు. ఇక్కడ ఆమె చేతికి డబ్బా ఇచ్చి బాత్రూం వైపు చూపిస్తారు. ముందు కడుక్కోవాలని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలని చెప్పేవారుండరు. కొన్నిచోట్ల కడుక్కోవడానికి నీళ్లూ ఉండవు. ఆ డబ్బా మే నెల ఎండలో, ఐస్ లేకుండా, జిల్లా కేంద్రానికి వెళ్లే బండి కోసం ఎదురుచూస్తుంది. వెచ్చటి మూత్రంలో ఈ. కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. మూత్రాన్ని రెండు గంటల్లోపు పరీక్షకు పెట్టాలి, లేదంటే చల్లగా ఉంచాలి. అంత పద్ధతిగా తీసిన చోటే ఆ 41 రిపోర్టుల్లో సగానికి పైగా దారి తప్పిస్తే, మన డబ్బా ఏం నిజం చెబుతుంది?

తప్పు దారి ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూడాలి. రిపోర్టులో 'ఎంటరోకాకస్, ఆంపిసిలిన్ పనిచేస్తుంది' అని వస్తుంది. డాక్టరు అమాక్సిసిలిన్ రాస్తారు. లోపల ఉన్నది ఈ. కోలి అయితే మన దగ్గర ఆ మందుకు చాలావరకు లొంగదు. వారానికి ఆమె మళ్లీ వస్తుంది, ఈసారి నడుము పక్కన నొప్పితో, చలిజ్వరంతో. ఇంకో పొరపాటు పాత కొలతది. లక్ష కాలనీలుంటేనే ఇన్ఫెక్షన్ అన్న లెక్క 1950లలో ఎడ్వర్డ్ కాస్ చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. మంటతో వచ్చిన స్త్రీలకు 100 చాలని వాల్టర్ స్టామ్ బృందం 1982లోనే చూపింది. అయినా 'గణనీయమైన పెరుగుదల లేదు' అన్న కాగితం పట్టుకుని, వేడి చేసిందేమోలే అనుకుంటూ, బార్లీ నీళ్లు తాగుతూ ఇంటికెళ్లే ఆడవాళ్లు ఎందరో.

క్రిముల్లో మందులకు నిరోధకత పెరిగిపోయింది కదా, గుడ్డిగా మందిస్తే ఎలా అంటారు. పెరిగింది, నిజమే. అందుకే సిప్రోఫ్లాక్ససిన్, సెఫిక్సిమ్ చేతికందిందల్లా రాయొద్దంటున్నాను. వేరే మందు ఉన్నప్పుడు మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు వద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. 1953 నుంచి వాడుకలో ఉన్న నైట్రోఫ్యురాంటోయిన్ ఇప్పటికీ మన దేశపు ఈ. కోలిలో ఎక్కువ భాగం మీద పనిచేస్తోంది. భయపెట్టే నిరోధకత అంకెలు చాలావరకు పెద్దాసుపత్రుల నుంచి వచ్చేవి. అప్పటికే నాలుగు చోట్ల నాలుగు రకాల మందులు వాడి వచ్చిన రోగులు అక్కడ ఎక్కువ. మొదటిసారి మంటతో వచ్చిన పల్లెటూరి ఆడమనిషికి ఆ అంకెలు అంటగట్టి సూది మందు దాకా వెళ్లడం అన్యాయం. ఆమె లాంటి వాళ్ల శాంపిళ్లు విడిగా, పద్ధతిగా తీసి, ఏ జిల్లాలో ఏ మందు పనిచేస్తోందో ఆరు నెలలకోసారి ప్రతి పీహెచ్‌సీ గోడ మీద అంటించాలి. అది ప్రభుత్వం చేయాల్సిన పని. దాన్ని వదిలేసి ఒక్కొక్క రోగి చేతా కల్చర్ ఖర్చు పెట్టించడం బాధ్యతను ఆమె నెత్తిన రుద్దడమే.

కల్చర్ కావాల్సినవాళ్లు ఉన్నారు. చలిజ్వరం, నడుము నొప్పి ఉన్నవాళ్లు, మళ్లీమళ్లీ వచ్చేవాళ్లు, మందు మొదలుపెట్టిన 48 గంటలకూ తగ్గనివాళ్లు, వీళ్లందరికీ చేయాల్సిందే. అందరికన్నా ముందు గర్భిణులకు. మంట లేకపోయినా వాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా ఉండొచ్చు, వదిలేస్తే కిడ్నీల దాకా పోవచ్చు. గర్భిణులకు మూత్రం కల్చర్ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. మన ఎన్ని పీహెచ్‌సీల్లో గర్భిణి మూత్రానికి ఆల్బుమిన్, షుగర్ దాటి ఇంకో పరీక్ష జరుగుతోంది? కల్చర్ అంటూ ఊదరగొట్టే పెద్దలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. అక్కర్లేని చోట కల్చర్ ప్లేట్లు ఖర్చు చేయిస్తూ, తప్పనిసరిగా చేయాల్సిన ఐదో నెల గర్భిణిని ఒక స్ట్రిప్ ముంచి పంపించేస్తున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ముందు ఆమె శాంపిల్‌కు ఐస్ పెట్టె, అదే రోజు ల్యాబుకు చేర్చే బండి ఇవ్వాలి. మంటతో వచ్చిన మిగతా ఆడవాళ్లకు వచ్చిన రోజే నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులకు ఇచ్చి పంపాలి. కాదు, అందరికీ కల్చరే అంటారా? అయితే ఆ 41 రిపోర్టులకు మీ దగ్గరున్న సమాధానమేంటో ముందు చెప్పండి.