వంటింటి రంగు ఎవరి ఇష్టం?

ఇంటికి రంగులు వేయించాలనుకోగానే షేడ్ కార్డు ముందుగా ఎవరి చేతికి వెళ్తుంది? చాలా ఇళ్లలో ఇంటాయన చేతికి, ఆ తరవాత పెయింటర్ చేతికి. వీధి గోడకీ, ముందు గదికీ అరగంట చర్చ నడుస్తుంది. వంటింటి దగ్గరకొచ్చేసరికి "మసి కనపడకుండా ఏదో ఒక ముదురు రంగు కొట్టెయ్" అని ఒక్కమాటతో తేల్చేస్తారు. పొద్దున్నే ఆ గోడల మధ్య నిలబడి, ఆఫీసుకెళ్లి, జీతంలో సగం ఆ ఇంటి లోనుకే కట్టే ఇల్లాలిని కూడా అడిగే నాథుడుండడు. నా అభ్యంతరం ఇక్కడే.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. సంక్రాంతి వస్తోందంటే గోడలకు సున్నం, అందులో కాస్త నీలిమందు, అడుగున జాజు పట్టీ, గడపకు పసుపు... ఇవన్నీ మన అమ్మమ్మలు, నాయనమ్మలు పూనుకుని చేసిన పనులే. రంగు డబ్బాల్లోకి చేరాక ఎంపిక మన చేతుల్లోంచి జారిపోయింది.

దాన్ని మళ్లీ అందుకోవాలంటే నాలుగు సంగతులు తెలిసుండాలి. ముదురు రంగు వెలుతుర్ని మింగేస్తుంది, లేత రంగు తిరిగి గదిలోకి పంపుతుంది. ఒక్క కిటికీయే ఉన్న వంటింటికి మీగడ తెలుపో, లేత పసుపో నప్పుతుంది. మసి సంగతేమిటంటారా? తడిగుడ్డతో తుడవడానికి వీలైన ఎమల్షన్ వేయించండి. డిస్టెంపర్ అయితే తుడిచిన చోటల్లా చెరుగుతుంది. పడమటెండ పడే గదికి లేత నీలం, లేత ఆకుపచ్చ కంటికి చల్లగా ఉంటాయి. కార్డు మీది చిన్న ముక్క చూసి సరేననకండి, గోడంతా పరుచుకుంటే అదే రంగు మరింత గాఢంగా కనిపిస్తుంది. రెండడుగుల మేర వేయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటులో చూసి చెప్పండి. అద్దె ఇల్లయితే కర్టెన్లు, నేత దుప్పట్లతోనే రంగులు తెచ్చుకోవచ్చు.

ఇక అందానికి మించిన సంగతి ఒకటుంది. మెరిసే పసుపు, నారింజ, ఎరుపు ఆయిల్ పెయింట్లలో ఒకప్పుడు సీసం బాగా కలిసేది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, గర్భిణులకూ ప్రమాదమే. కేంద్రం 2016లో నియమాలు చేసి, ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదంది. 2017 నవంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కానీ అంతకుముందు రంగు వేసిన తలుపులు, కిటికీ ఊచలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి కదా! వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దనివ్వకండి, తడిపి రుద్దమనండి. ఆ పని జరిగే రోజుల్లో పిల్లల్ని, గర్భిణుల్ని ఇంట్లో ఉంచకండి. రాలిన పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో ఎత్తించండి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించి దానిమీద ఏం రాశారో చదవండి. రంగు ఎంపికలో మన మాట ఉండాలనడం ముచ్చట కోసమే కాదు, ఇందుకు కూడా.

ఈసారి షేడ్ కార్డు ఇంటికొస్తే అత్తగారు, పిల్లలు, మీరు, ఆయన అందరూ కలిసి కూర్చోండి. ముందు వంటింటి రంగు తేల్చండి, వీధి గోడ తరవాత. వీధి గోడను దారినపోయేవాళ్లు చూసేది ఒక్క క్షణం. వంటింటి గోడను మనం చూసేది ఏళ్ల తరబడి.