ముసలితనానికీ కులముంది

రాష్ట్రం ముసలిదైపోతోందట. పెద్దలకు పెద్ద బెంగే పట్టుకుంది. 2021 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12 మందికి పైగా అరవై దాటినవాళ్ళని కేంద్రం అంచనా కట్టింది. ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1.7కు పడిపోయిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. జపానులో నూటికి 29 మంది అరవై అయిదు దాటినవాళ్ళే, రేపు మన గతీ అంతే, పనిచేసే చేతులుండవు అని గగ్గోలు పెడుతున్నారు.

పనిచేసే చేతులంటే ఎవరి చేతులండీ?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చుట్టూ ఏ తోటలో అడిగినా ఒకటే మాట, ‘దింపుకి మనిషి దొరకట్లేదు’ అని. నిజమే, దొరకట్లేదు. అరవై డెబ్బై అడుగుల చెట్లు రోజుకి పదులకొద్దీ ఎక్కి దిగిన మనిషికి నలభై అయిదేళ్ళకే మోకాళ్ళు పోతాయి. ఇనుప మొన మీద కాయ ఒలిచే మనిషికి నడుం పోతుంది. తండ్రి గతి కళ్ళారా చూసిన కొడుకు హైదరాబాదో కువైటో పోతాడు గానీ చెట్టెందుకెక్కుతాడు? పిల్లలు పుట్టక వచ్చిన కొరత కాదిది. ఎక్కినవాడికి మర్యాదా లేక, ముసలితనంలో కూడూ లేక వచ్చిన కొరత. తోటలెవరి పేరున ఉన్నాయో, చెట్టెక్కేదెవరో మన పాఠకులకు వేరే చెప్పాలా!

సర్కారు లెక్కలో ముసలితనం అరవైకి వస్తుంది. మన పేటల్లో యాభైకే వచ్చి గడపలో కూర్చుంటుంది. అసలు అరవై చూసేదెందరు? ఉత్తర, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసి 2022లో అచ్చేసిన ఒక పరిశోధనలో, అగ్రకుల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా తక్కువని తేలింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. కోనసీమ నుంచి మన అక్కచెల్లెళ్ళు కువైట్, మస్కట్ పోయి పరాయి ఇళ్ళల్లో ముసలివాళ్ళకు సేవ చేస్తున్నారు. పదో తరగతి చదవని ఆడమనిషి ముప్ఫై ఏళ్ళు నిండితే గాని గల్ఫులో ఇంటిపనికి పోరాదని మన దేశపు నిబంధన. అప్పటికి కడుపున ఇద్దరు పిల్లలుంటారు. వాళ్ళను సాకేది అమ్మమ్మే. ఆ అమ్మమ్మను ‘పనిచేయని జనాభా’ అని రాసుకుంటారు. ఆవిడ ఒక్క రోజు మంచం పడితే కువైట్‌లో ఒక వంటిల్లు ఆగిపోతుందని ఏ ఆర్థికవేత్తా రాయడు.

పిల్లల మాటకొద్దాం. ఈ రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 70 మంది దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, మగవాళ్ళు నూటికి ఒక్కడు కూడా లేడు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి కంటే పోటీకి పనికిరావంది. రిజర్వుడు సీటొచ్చిన చోట కూడా మూడో బిడ్డ పేరు చెప్పి మన నామినేషన్లు కొట్టేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమందిని కనమన్నారు. నవంబరులో శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. కానీ అప్పుడు ఆపమన్నదీ, ఇప్పుడు కనమన్నదీ మన ఆడవాళ్ళను అడిగి కాదు. పార్లమెంటు సీట్లు తగ్గుతాయన్న భయం పెద్దలది. మోయాల్సిన కడుపు మాత్రం మనది.

కనమనే ముందు, ఉన్నవాళ్ళ ముసలితనం సంగతి తేల్చండి. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 2007 నుంచీ 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది, ఎనభై దాటితే 500. మిగతాది రాష్ట్రం వేసి 2024 జూలై నుంచి 4,000 ఇస్తోంది. అది అందేదీ అరవై నిండాకే. కల్లుగీత కార్మికుడికి, మత్స్యకారుడికి, డప్పు కళాకారుడికి యాభైకే పింఛనుంది. ఉండాలి కూడా. తాడిచెట్టెక్కినవాడికి యాభై అయితే కొబ్బరిచెట్టెక్కినవాడికి అరవై ఏమిటి? కొబ్బరి బోర్డు దింపు కార్మికుల కోసం పెట్టిన ‘కేర సురక్ష’ బీమా ప్రమాదం జరిగితేనే. పడకుండా పాతికేళ్ళు ఎక్కి, మోకాళ్ళరిగి కూలబడ్డవాడికి అందులో పైసా లేదు.

దింపు, ఒలుపు కార్మికులకు యాభై ఏళ్ళకే వృత్తి పింఛను ఇవ్వాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. మాలా, మాదిగా, శెట్టిబలిజా అని విడిపోకుండా చెట్టెక్కిన ప్రతివాడితో సంతకం చేయించండి. తీర్మానం కాపీ తీసుకోకుండా సభ నుంచి లేవకండి.