దావత్ మనది.. దరువెవరిది?

లగ్గం అంటే మన దిక్కు రెండు కుటుంబాల ముచ్చట కాదు, ఊరందరి ముచ్చట. మైలపోలు, ఎదుర్కోళ్లు, అప్పగింతలు.. ఒక్కోదానికి ఒక్కో పాట, ఒక్కో దరువు ఉండేది. ఇయ్యాల ఆ వరుసలో రిసెప్షన్ వచ్చి చేరింది. రానీ, తప్పు లేదు. కూరలెన్ని, స్వీట్లెన్ని, స్టేజీ మీద పూలు ఏ రంగు అని నెల రోజులు తర్జనభర్జన పడుతున్నాం. వచ్చిన సుట్టాల చెవులకు ఏం వినిపించాలె అన్నది మాత్రం ఆఖరి రోజు డీజేకు ఒక్క ఫోన్ కొట్టి తేల్చేస్తున్నాం!

అసలు రిసెప్షన్ ఎందుకు? లగ్గానికి అందనోళ్లు వచ్చి పిల్లను, పిలగాన్ని దీవించడానికి. ఆఫీసు దోస్తులు, ఊరి పెద్దమనుషులు ఒక్క కాడ కూసొని మాట్లాడుకోవడానికి. డబ్బాల మోతకు ఎదురుగ ఉన్న మనిషి మాట వినపడకపోతే, ముసలోళ్లు గుండె పట్టుకొని బయటికి పోతే, అది దావత్ ఎట్లయితది? 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించొద్దు. రాత్రి 10 దాటితే బహిరంగంగ మైకులు బంద్. ఎన్ని బరాత్‌లు దీన్ని లెక్క చేస్తున్నయి?

'మేం జానపదాలే పెట్టిస్తున్నం గదా' అంటారు కొందరు. నిజమే. పాట లోపలికి వచ్చింది, పాడేటోడు బయటనే ఉన్నడు. మన దరువే మోగుతున్నది, కొట్టే చెయ్యికి పైస ముడుతలేదు.

2021లో గుస్సాడి కనకరాజుకు పద్మశ్రీ వచ్చింది. 2022లో కిన్నెర మొగులయ్యకు, సకిని రామచంద్రయ్యకు వచ్చింది. 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ దాసరి కొండప్పకు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టినం. పద్మశ్రీ అందుకున్న రెండేండ్లకే మొగులయ్య కూలి పని చేస్తున్నడని 2024లో పేపర్లు రాసినయి. బిరుదుతోని కడుపు నిండదు. కళ బతకాలంటే పిలుపు కావాలె. ఆ పిలుపు సర్కారు నుంచే రావాల్నా? మన ఇంటి లగ్గపత్రిక నుంచి రావద్దా?

డప్పు చావుకే కొట్టేదన్న మాట శుద్ధ అబద్ధం. జాతరకు, బోనానికి, పెండ్లికి కూడా మోగేది అదే. పోరగాళ్లకు ఎగురుడు కావాల్నంటే హైదరాబాద్‌లో మర్ఫా ఉన్నది. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, బార్కస్ అరబ్బులు నిలబెట్టిన దరువది. దాని ముందు కాలు నిలుస్తదా? ఒగ్గు కథ తెల్లందాక చెప్పించనక్కర్లేదు, మల్లన్న లగ్గం ఘట్టం ఒక్క గంట చెప్పించినా చాలు.

అందుకే మేమనేది ఇది. నెల ముందే కళాకారులతోని మాట్లాడుండ్రి. ఎంతమంది వస్తరు, ఎంతసేపు చేస్తరు, దారి ఖర్చు ఎవరిది, పైసలెన్ని అన్నది ముందే తేల్చుకొని బయానా ఇయ్యుండ్రి. సుట్టాలు లోపలికి వచ్చేటప్పుడు సన్నాయి పెట్టుండ్రి. అందరు కూసున్నంక గంటసేపు కథనో, కోలాటమో. తినేటప్పుడు మైకు బంద్, మనుషులు మాట్లాడుకోనీ. ఆఖరికి డప్పో, మర్ఫానో, పోరగాళ్ల ఇష్టం. పదిలోపు అంతా ముగించుండ్రి.

ఇంకొక్క మాట, అన్నిటికన్న ముఖ్యమైంది. పిలిచినోళ్లను గేటు బయట నిలబెట్టి, అందరు లేచినంక మిగిలింది పెట్టుడు బంద్ కావాలె. వాళ్లకు కుర్చీ ఉండాలె, మన బంతిలోనే విస్తరి ఉండాలె. ఒప్పుకున్న పైసలు ఆ రాత్రే చేతిలో పెట్టాలె. 'మల్ల రాపో' అని తిప్పుకునుడు దొరల అలవాటు, మనది కావద్దు.

ఉద్యమ సభల్లో ఈ డప్పు మోగకుంటే జనం కదిలేటోళ్లా? 2014లో రాష్ట్రం వచ్చింది. ఆత్మగౌరవం అన్న మాటను మనం వేల సభల్లో పలికినం. సభల్లో ముందు వరుసలో నడిచినోడు మన ఇంటి దావత్‌లో ఏ వరుసలో కూసుంటున్నడు? జవాబు చెప్పాల్సింది సర్కారు కాదు, లగ్గం చేసే మనమే.