రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే ఎవరు పలుకుతారు?

భద్రాచలం దాటి చర్ల వైపు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ అమ్మగారికి అరవై రెండేళ్ళు. నోట్లో రాచపుండు. హైదరాబాదు తీసుకువెళ్ళి కరెంటు పెట్టించారు. ఆరు నెలలు బాగానే వుండి మళ్ళీ దవడ మీద బయటపడింది. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అని చెప్పి పంపేశారట. ఇప్పుడు పట్నంలో ఒక సేవాకేంద్రంవాళ్ళు "చివరిదాకా మేం చూసుకుంటాం" అంటున్నారు. ముందుగా కొంత సొమ్ము కట్టమంటున్నారు. "డాక్టరుగారూ, అక్కడ చేర్చడమా, ఇంట్లోనే వుంచుకోవడమా? ఆ కేంద్రం మంచిదో కాదో మాబోటివాళ్ళం ఏం చూసి తెలుసుకోవాలి?" అని ఆమె ప్రశ్న.

చాలా మంచి ప్రశ్న. మామూలు ఆసుపత్రి సంగతైతే ఫలానా ఆయన బాగై ఇంటికి వచ్చాడా లేదా అని నలుగురినీ అడిగి తెలుసుకుంటాం. ఇక్కడ ఆ కొలత పనికిరాదు. ఎవరి చేతిలో పెట్టినా ఈ రోగి దక్కదు. అంచేత నిజంగా సేవ చేసేవాళ్ళకూ, మాటలు చెప్పేవాళ్ళకూ తేడా పైకి తెలియదు. అయిపోయిన తర్వాత ఇంటివాళ్ళు దుఃఖంలో వుంటారు, వెళ్ళి నిలదీసేవారుండరు. కాబట్టి చూసుకోవలసిందేదో చేర్చకముందే చూసుకోవాలి.

ముందుగా "చేసేదేమీ లేదు" అన్న మాటను పక్కన పెట్టండి. జబ్బుకు చేయగలిగింది అయిపోయి వుండవచ్చు. మనిషికి చేయవలసింది అప్పుడే మొదలవుతుంది. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండు వాసన, నిద్ర లేకపోవడం, భయం: వీటన్నిటికీ వైద్యం వున్నది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. తెలుగులో ఉపశమన సేవ అనుకోవచ్చు. ఆ సేవకోసం రోగిని వుంచుకునే చోటు హాస్పిస్. నర్సుగా మొదలుపెట్టి తర్వాత డాక్టరైన సిసిలీ సాండర్స్ అనే ఆవిడ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ వచ్చింది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పని కేరళ అంతటా పాకింది. అక్కడ ఇంటింటికీ వెళ్ళి చూసే పద్ధతే ఎక్కువ. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం వున్నది. స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి డబ్బు తీసుకోకుండా చూస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం కూడా జిల్లా ఆసుపత్రులలో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది. మొదటి విడత జిల్లాలలో ఖమ్మం వున్నది. రోగి ఇంటికి వచ్చి చూసే బండికి "ఆలన" అని పేరు పెట్టారు. పేరు బాగుంది.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, డబ్బు కట్టే కేంద్రం ఒక్కటే దారి అనుకోకండి అని.

ఇక ఏం చూడాలి? మొదటి ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: "మీ దగ్గర మార్ఫిన్ మాత్రలు వున్నాయా?" మొహమాటపడకుండా అడగండి. కాన్సర్ నొప్పి ముదిరిన తర్వాత మామూలు నొప్పి మాత్రలు ఆనవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే దారి చెప్పింది. మందు వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం చూసి ఇవ్వాలి, నొప్పిని బట్టి మెట్టు మెట్టుగా పెంచాలి. ఆ పై మెట్టు మీద వున్నది మార్ఫిన్. ఇది నల్లమందు నుంచి తీసేదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి ఆ పంట పండిస్తున్నది. పంట మనది, మందు మాత్రం చాలాకాలం మన రోగికి అందలేదు. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక కాగితాల చిక్కుకు భయపడి ఆసుపత్రులు దాన్ని తెప్పించడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థ, శిక్షణ పొందిన డాక్టరు వుంటే మార్ఫిన్ ఇవ్వవచ్చు. అంచేత "ఆ మందు దొరకదండీ, చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే వాళ్ళకు గుర్తింపు లేదని అర్థం. అలాంటి చోట మంచాలు ఎంత తెల్లగా వున్నా మీ అమ్మగారి నొప్పి తగ్గదు.

ఇందులో మా తప్పు కూడా వున్నది, దాచడం దేనికి? నేను హౌస్ సర్జన్‌గా వున్న రోజుల్లో గొంతు కాన్సరుతో ఒక ముసలాయన రాత్రంతా గోడకు తల ఆనించి కూర్చునేవాడు. పడుకుంటే నొప్పి. మేం చేతికొచ్చిన సూదిమందు పొడిచి వెళ్ళిపోయేవాళ్ళం. "మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతాడు" అని మాకు నూరిపోశారు. నెల రోజులు బతకనివాడు దేనికి అలవాటు పడతాడో మేమెవ్వరమూ ఆలోచించలేదు. కాన్సర్ నొప్పికి డాక్టరు చూస్తూ ఇచ్చే మార్ఫిన్ వల్ల వ్యసనం అరుదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా వుంటుంది, కొందరికి వికారం. ఇవి తగ్గిపోతాయి. తగ్గనిది మలబద్ధకం. అందుకే మార్ఫిన్ రాసిన డాక్టరు దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాశాడా లేదా చూడండి. రాయకపోతే పని తెలిసినవాడు కాదని నా అనుమానం. ఈ ఒక్క చీటీ చూసి సగం సంగతి గ్రహించవచ్చు.

రెండో ప్రశ్న ఈ వ్యాసం పేరులోనే వున్నది. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది నాలుగు గంటలు. వేళల మధ్యలో నొప్పి ఎగదన్నడం కద్దు. అప్పుడు వేయవలసిన అదనపు మోతాదు ఎంతో కాగితం మీద రాసి వుండాలి. రాత్రి రెండింటికి అక్కడ మేలుకుని వుండేదెవరు? బీరువా తాళం ఎవరి దగ్గర వుంటుంది? "డాక్టరుగారు పొద్దున్నే వస్తారు" అన్నారనుకోండి, అది హాస్పిస్ కాదు, సత్రం. ఇంటికి వచ్చి చూసేవాళ్ళనైతే, రాత్రి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారని అడిగి, ఆ నంబరుకు ఒకసారి రాత్రి చేసి చూడండి. తప్పేం లేదు.

నొప్పి గురించి రోగినే అడుగుతున్నారా, ఇంటివాళ్ళను అడిగి ఊరుకుంటున్నారా? సున్నా నుంచి పది వరకు నొప్పికి అంకె చెప్పమని అడగడం మా పద్ధతి. అంకెలు తెలియని పెద్దవాళ్ళను "పదహారణాల నొప్పిలో ఎన్నణాలు తగ్గిందమ్మా?" అంటే చక్కగా చెప్తారు. కోయ గూడేల నుంచి వచ్చిన వాళ్ళకు తెలుగులో బాధ చెప్పుకోవడం కష్టం. వాళ్ళ మాట తెలిసిన ఆయా ఒకామె వుంటే మంచి సంగతే. ఏ మాటలో అడిగినా జవాబు రాసిపెట్టుకుని, మరునాడు మళ్ళీ అడిగి మందు మార్చాలి. అలా రాసిన కాగితం చూపించమనండి.

ఒకసారి చెప్పకుండా వెళ్ళి చూడండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత, నాలుగింటి ముందు అయితే బాగుంటుంది. అప్పుడు మీ ముక్కే పరీక్షాధికారి. దవడ పుండు బయటికి తెరుచుకున్నప్పుడు వచ్చే వాసనకు ఇంట్లోవాళ్ళే దూరం జరుగుతారు. రోగికి అది తెలుస్తుంది, నొప్పికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు. పుండును ఉప్పునీటితో కడిగి, మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా పొడి చేసి చల్లితే నాలుగైదు రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. ఈ పని తెలిసిన చోట వార్డులో అగరొత్తులు వెలిగించవలసిన అవసరం రాదు. తర్వాత మంచంలో కదలలేని రోగి ఒకరి దగ్గర కాసేపు నిలబడండి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా? నోరు తుడిచారా, పెదవులు ఎండిపోయి వున్నాయా? నడుము కింద, మడమల దగ్గర పడకపుండ్లు వున్నాయేమో పక్కనున్న బంధువునే మెల్లగా అడగండి. ఇంట్లోనే మొదలైన పుండైతే వాళ్ళ తప్పు కాదు. చేర్చిన తర్వాత పుట్టిందైతే ఆలోచించుకోవాలి.

ఈ సోదరి అమ్మగారికి త్వరలో ముక్కులోంచి గొట్టం వేయవలసి రావచ్చు. గొట్టం వేసి పంపడం ఎవరైనా చేస్తారు. ఆ గొట్టంలో జావ పోసేటప్పుడు రోగిని తల ఎత్తి కూర్చోబెట్టాలి, వడకట్టి పోయాలి, చివర మంచినీళ్ళు పోసి కడగాలి. ఇంటి ఆడపిల్ల చేత దగ్గరుండి రెండుసార్లు చేయించి మరీ పంపే చోటు మంచి చోటు. నేర్పకుండా "మేం చూసుకుంటాం, మీరు బయట కూర్చోండి" అనే చోటును నేను నమ్మను.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి వున్నది. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం ఇంకో 120. వానాకాలంలో వాగులు పొంగితే లోపలి గూడేలకు బండి పోదు. పైగా సరిహద్దు. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు, భద్రాచలాన్ని ఆనుకుని వున్న ఏటపాక కూడా ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచీ రోగులు వస్తారు. జబ్బుకు సరిహద్దు లేదు కాని ప్రభుత్వ బండికి వుంటుంది. అంచేత మీ ఊరు పేరు చెప్పి, "అక్కడికి మీ బండి వస్తుందా? నెలకు ఎన్నిసార్లు? రాలేని వారాల్లో మందు ముందుగా ఎన్ని రోజులకు ఇస్తారు?" అని అడగండి. "అన్ని ఊళ్ళకూ వస్తాం" అనేవాళ్ళకన్నా "మీ ఊరికి రాలేమండీ, కాని పదిహేను రోజుల మందు ఇస్తాం, ఫోనులో మాట్లాడతాం" అని చెప్పేవాళ్ళు మేలు.

డబ్బు సంగతి పొడిగా చెప్తాను. "నయం చేస్తాం" అని ఒక్కసారి అన్నా అక్కడినుంచి లేచి వచ్చేయండి. ముందుగా కట్టిన సొమ్ములో, రోగి వారానికే పోతే తిరిగి ఎంత ఇస్తారో కాగితం మీద రాయించండి. రోజూ రెండు సెలైన్ సీసాలు ఎక్కించి బిల్లు వేసే అలవాటు వుందేమో చూడండి. చివరి రోజుల్లో ఆకలి దానంతటదే తగ్గుతుంది. సీసాలు ఎక్కువైతే కాళ్ళు వాచి, ఆయాసం పెరుగుతుంది. బంధువులకు మాత్రం ఏదో చేశామన్న తృప్తి.

రోగితో అబద్ధం ఆడమని వాళ్ళను మీరూ అడగకండి. "అమ్మకు చెప్పొద్దు" అని ప్రతి కొడుకూ, కూతురూ అంటారు. అమ్మకు తెలుసు. ఎంతవరకు వినాలనుకుంటుందో ఆమెనే అడిగి, మీ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడగల మనిషి అక్కడ ఒక్కరైనా వుండాలి.

పోయిన తర్వాత సంగతి కూడా ముందే అడగవలసిందే, నోరు రాకపోయినా. ఇంట్లో పోతే మరణ కారణం రాసిచ్చేదెవరు? మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ కాగితం లేక తర్వాత పింఛనుకూ, పొలానికీ తిరిగేవాళ్ళను రోజూ చూస్తున్నాను. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్క చూసి వెనక్కు తీసుకునేవాళ్ళు బాధ్యత తెలిసినవాళ్ళు.

ఇక సోదరికి నా జవాబు. సొమ్ము ఇప్పుడే కట్టకండి. అమ్మగారిని ఇంట్లోనే వుంచి, ముక్క పరీక్ష రిపోర్టు, హైదరాబాదులో ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు పట్టుకుని ముందు మీరొక్కరే వెళ్ళండి. మీది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కాబట్టి కొత్తగూడెంలో జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో పాలియేటివ్ కేర్ ఎక్కడ ఇస్తున్నారో అడగండి. అక్కడ కుదరకపోతే ఖమ్మం పెద్దాసుపత్రి. మీ ఊరి ఆశా కార్యకర్తకు, నర్సమ్మకు కూడా చెప్పి వుంచండి. మందు, ఫోను నంబరు చేతికి వస్తే అమ్మగారికి ఇల్లే మంచిది. చూసేవాళ్ళు మీరొక్కరే అయి, రాత్రిళ్ళు మీవల్ల కాకపోతే అప్పుడు ఆ కేంద్రం. పైన రాసిన మార్ఫిన్ ప్రశ్న, రాత్రి ప్రశ్న, ఈ రెంటికీ తిన్నగా జవాబు చెప్తేనే చేర్చండి.

ఈలోగా షాపులో అడిగి రెండు మూడు రకాల నొప్పి మాత్రలు కలిపి వేయకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరు రాసిన మాత్ర వుంటే నొప్పి వచ్చేదాకా ఆగకుండా, రాసిన మోతాదు మించకుండా, వేళకు ఇవ్వండి. ఒక నోటుపుస్తకం పెట్టి ఏ గంటకు నొప్పి ఎన్నణాలు వుందో, ఏ మందు ఇచ్చారో, ఎంతసేపు నిద్ర పట్టిందో, విరేచనం ఎప్పుడైందో రాస్తూ వుండండి. వెళ్ళేటప్పుడు కాగితాలతోపాటు ఆ పుస్తకం కూడా తీసుకువెళ్ళండి. నాలుగు రోజుల లెక్క ముందుంటే ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరు వెంటనే చెప్పగలుగుతాడు.