ఎద్దుకి పళ్లు చూస్తాం, బండికి ఫొటో చూసి కట్టేస్తామా?



మా హాస్టల్లో ఒక తమ్ముడు ఇంకా షోరూమ్‌కే రాని బండికి ప్రీబుకింగ్ కట్టేశాడు. ఆ డబ్బులు వాళ్ల నాన్న కాఫీ గింజలు అమ్మి మెస్ బిల్లుకి పంపినవి. అడిగితే "ముందు కడితే తక్కువకొస్తాది అన్నా" అంటాడు.

రావచ్చు, కాదనను. 2023 జూలైలో హార్లే ఎక్స్440 ధర 2.29 లక్షలు అని చెప్పి, 5 వేలతో బుకింగ్ తీశారు. నెలలో పాతిక వేల మందికి పైగా కట్టారు. ఆగస్టులో ధర 10,500 పెంచారు. బండ్లు చేతికివ్వడం మొదలైంది అక్టోబర్‌లో. ముందు కట్టినోళ్లకి ఆ పదివేలు మిగిలాయి. కానీ ఆ తొందర పెట్టింది ఎవరు? తొందరలో మనం అడగాల్సినవి అడగం. ఘాట్‌లో ఇద్దరితో లాగుతుందా? సర్వీసింగ్‌కి పాడేరు నుంచి విశాఖ దిగాలా? ఈఎంఐ ఎవరు కడతారు?

సంతలో ఎద్దు కొనేటప్పుడు మన పెద్దోళ్లు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, అప్పుడే బేరం. బడికెళ్లనోళ్లకున్న ఆ తెలివి డిగ్రీ చదివే మనకి ఏమైంది?

బండి వద్దనట్లేదు. బస్సు రాని ఊళ్లకి బండే దిక్కు. అందుకే చెప్తున్నా: రానీ, నడిపి చూసి కొను.

తమ్ముడూ, కోపం వద్దు. రేపు కేన్సిల్ చేద్దాం, నేనూ తోడొస్తా.