ఇంజనుకు రంగు పూస్తే సరిపోతుందా?

ఆయుధపూజ నాడు సింధనూరు, గంగావతి, సిరుగుప్ప చుట్టుపక్కల క్యాంపుల్లో ఇనుముకు పండగే. ట్రాక్టరుకు బంతిపూల దండ పడుతుంది. కరెంటు మోటారుకు పసుపు రాస్తారు. కోత మిషను ముందు గుమ్మడికాయ కొడతారు. అన్నీ అయ్యాక ఇంట్లో పెద్దావిడ కుంకుమ భరిణె పట్టుకుని పశువుల కొట్టం వెనక్కి వెళ్తుంది. అక్కడ ముళ్లకంపల మధ్య తుప్పు పట్టిన ఆయిలింజను ఉంటుంది. దానికీ ఓ బొట్టు పెట్టి, ఓ నిమ్మకాయ ఉంచి వస్తుంది. మనవలకు అదేమిటో తెలియదు. పండగ వెళ్లిన వారానికి పాత ఇనుము కొనేవాడి బండి వస్తుంది. ఇక్కడి మాటలో చెప్పాలంటే గుజరీ బండి. తూకం వేస్తారు. డబ్బు చేతిలో పడుతుంది. బొట్టు ఆరకముందే ఇంజను వెళ్లిపోతుంది.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. కర్ణాటకలోని క్యాంపుల్లోనే కాదు, హోసూరు, కృష్ణగిరి వైపు బావిగట్ల మీదా ఇదే వరస. అయితే ఈమధ్య అక్కడక్కడా ఇంకో రకం ఉత్సాహం కూడా కనబడుతోంది. పాత ఇంజను అమ్మబుద్ధి కాని వాళ్లు దానికి తళతళలాడే రంగు పూయించి ఇంటి ముందో, తోటలోనో నిలబెడుతున్నారు. తుక్కు బండికి ఎక్కించడం కంటే ఇది వెయ్యిరెట్లు మేలు. కానీ రంగు పూసినంత మాత్రాన ఇంజను బతికినట్టేనా? కాదు. తెలియక పూసిన రంగు ఉన్న కాస్త ప్రాణాన్నీ తీసేస్తుంది.

ఆ చప్పుడు వెనక ఓ కథ

1953లో తుంగభద్ర కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఆ తర్వాతి ఏళ్లలో కోస్తా జిల్లాల నుంచి రైతులు ఉన్నది అమ్ముకుని ఇటు వచ్చారు. తుమ్మచెట్లు నరికి, నల్లరేగడిని చదును చేసి మడులు కట్టారు. గుడిసెలు వేసుకున్న చోటే క్యాంపు అయింది. కాలువ పక్కన పొలం ఉన్నవాడికి ఫరవాలేదు. మెరక మీద ఉన్నవాడు, కాలువ చివర ఉన్నవాడు నీళ్లు తోడుకోవాలి. కరెంటు తీగ రాని చోట తోడేది ఏమిటి? ఆయిలింజనే. పగలు వంకలో నీళ్లు తోడి, రాత్రి బెల్టు మార్చి అదే ఇంజనుతో పిండిమర తిప్పుకున్న చోట్లూ ఉన్నాయి. ఎవరి ఇంజను నడుస్తోందో చప్పుడును బట్టే చెప్పేవాళ్లు.

ఆ ఇంజన్ల పుట్టుక కూడా తెలుసుకోదగిందే. ఇంగ్లాండులోని డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ నిమిషానికి 650 చుట్లు తిరిగే ఆరు హార్స్‌పవర్ ఇంజను చేసేది. రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్లు, ఒకటే సిలిండరు. చేత్తో తిప్పితే స్టార్టు అవుతుంది. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి అరుగుదల తక్కువ. విప్పడం, బిగించడం తేలిక. అందుకే మన దేశంలో, ముఖ్యంగా గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో, అదే నమూనాలో ఎన్నో పేర్లతో ఇంజన్లు పోతపోశారు. ఇక కిర్లోస్కర్ పేరు తెలియని రైతు లేడు. ఆ సంస్థకు పునాది వేసిన లక్ష్మణరావు కిర్లోస్కర్ 1869లో బెళగావి జిల్లాలో పుట్టారు. బెళగావిలో సైకిల్ దుకాణంతో మొదలుపెట్టి ఇనుప నాగళ్లు చేసి, 1910లో కిర్లోస్కర్‌వాడీకి మారారు. పుణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో ఏర్పడింది. అంటే కొట్టం వెనక పడి ఉన్న ఆ ఇనుప ముద్ద మీద ఇంగ్లాండు పోత, గుజరాత్ చెయ్యి, కన్నడ నేల పట్టుదల, తెలుగు రైతు చెమట అన్నీ ఉన్నాయి.

ఇంకో మాట కూడా మరవకూడదు. క్యాంపుల చరిత్ర వలస వచ్చిన రైతుది మాత్రమే కాదు. ఆ ఇంజన్లను బండ్ల మీద పొలానికి చేర్చిన కూలీలు, అర్ధరాత్రి వచ్చి నాజిల్ మార్చిన కన్నడ మేస్త్రీలు, భూములు అమ్మిన స్థానిక రైతులు, అందరూ అందులో ఉన్నారు. ఇంజను మీద తెచ్చిన అప్పు తీర్చలేక పొలం పోగొట్టుకున్న వాళ్లూ ఉంటారు. అందుకే ఇది గొప్పలకు పోయే వస్తువు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పే సాక్షి.

రంగు ఆఖరి పని

సాక్షి నోరు మూసేది ఎక్కువగా రంగే. ఇంజను బాగుచేయిస్తామని మొదలుపెట్టే చాలామంది ముందు గ్రైండరు పట్టి గీకించేస్తారు. తర్వాత చేతికి దొరికిన రంగు కొట్టించేస్తారు. పేరుపలక మీద కూడా రంగే. ఆ పలక మీదే కంపెనీ పేరు, నంబరు, హార్స్‌పవరు, చుట్ల లెక్క ఉంటాయి. అవి చెరిగిపోయాక అది ఎక్కడిదో, ఏ కాలం నాటిదో చెప్పే ఆధారం ఇంకేదీ ఉండదు. నూనె పోసే సన్న రంధ్రాల్లోకి రంగు దిగి గట్టిపడితే, తర్వాత ఎప్పుడైనా నడిపినప్పుడు బేరింగుకు నూనె అందక పట్టేస్తుంది. చూడ్డానికి పెళ్లికొడుకు, లోపల గుండెజబ్బు.

పద్ధతి తెలిసిన మేస్త్రీలు చేసే వరస వేరు. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. పలక మీదున్నది రాసిపెట్టుకోవాలి. పట్టేసిన పిస్టన్‌ను సుత్తితో బాదకూడదు. సిలిండర్లో డీజిలు, నూనె కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. రోజూ ఫ్లైవీలును కొంచెం కొంచెం అటూ ఇటూ కదపాలి. ఓపిక ఉంటే కదులుతుంది, తొందరపడితే పగులుతుంది. నీటి గదుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఉప్పు, బురద తీయాలి. ట్యాంకులో తుప్పు కడగాలి. పంపు, నాజిల్ తెలిసినవాళ్లకే ఇవ్వాలి. నాజిల్ పరీక్ష చేసేటప్పుడు ఆ తుంపర ముందు చెయ్యి పెట్టడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. ఆ ఒత్తిడికి డీజిలు చర్మం కింద దూరిపోతుంది. పైకి సూది గుచ్చుకున్నంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

స్టార్టు చేసే ముందు గవర్నరు సరిగ్గా ఉందో లేదో చూడాలి. అది పట్టేసి ఉంటే ఇంజను అదుపు తప్పి పరుగెడుతుంది. డీజిలు ఆపే దారి ఎక్కడుందో తెలిసినవాడు పక్కనే నిలబడాలి. ఫ్లైవీలులో పగులు ఉంటే ఆ ఇంజనును అసలు తిప్పకూడదు, బొమ్మలా ఉంచుకోవడమే మంచిది. బెల్టు తగిలిస్తే దానికి కంచె ఉండాలి. పంచె అంచు, చీర కొంగు, మెడలో తువ్వాలు, వీటిని బెల్టు క్షమించదు.

ఇవన్నీ అయ్యాకే రంగు మాట. పాత రంగు సగానికి పైగా నిలిచి ఉంటే మళ్లీ పూయకపోవడమే మేలు. తుడిచి, తుప్పు ఉన్న చోట మాత్రం శుభ్రం చేసి, పల్చగా నూనె రాస్తే చాలు. పూయక తప్పదనుకుంటే అసలు రంగు ఏదో వెతకాలి. ఎండ తగలని చోట, అంటే పేరుపలక కిందో, ట్యాంకు బిగించిన పట్టీ కిందో అది దాక్కుని ఉంటుంది. ఆ ముక్క చూపిస్తే రంగుల దుకాణంలో దగ్గరి రంగు కలిపి ఇస్తారు. జిడ్డు పూర్తిగా వదిలించి, రెడాక్సైడ్ పూసి, అది ఆరాక పల్చగా రెండు పూతలు వేయాలి. పొగగొట్టానికి వేడి తట్టుకునే రంగే వాడాలి. పేరుపలక, ఇత్తడి భాగాలు, నూనె రంధ్రాలు, బెల్టు తిరిగే అంచు, వీటి జోలికి బ్రష్షు వెళ్లకూడదు.

గీకేటప్పుడు మరో జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కేంద్రం నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. దానికి చాలా ముందు పూసిన యంత్రాల రంగు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అందుకే పొడిగా గ్రైండరు పెట్టి దుమ్ము రేపడం తప్పు. తడిపి రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఆ మురికిని చేలోకో, కాలువలోకో వదలకూడదు.

రంగు మాటున జరిగే వ్యాపారం సంగతీ చెప్పుకోవాలి. సెకండ్‌హ్యాండ్ ఇంజన్లు కొనే చిన్న రైతు రంగు చూసి మోసపోవడం కొత్తేమీ కాదు. అతుకు వేసిన పగులును, అరిగిన లోపలి భాగాలను ఓ పూత రంగు చక్కగా దాచేస్తుంది. కొనేవాడు చేత్తో తిప్పి పట్టు చూడాలి, పావుగంట నడిపించి పొగ చూడాలి, చప్పుడు వినాలి. రంగు కళ్లకే, రైతుకు కావలసింది నీళ్లు.

దాచుకుంటే ఏం ఒరుగుతుంది?

ఇదంతా తీరికున్నవాళ్ల సరదా కదా అనేవాళ్లు ఉంటారు. పొగ, చప్పుడు, చోటు దండగ, తుక్కుకు వేస్తే నాలుగు డబ్బులైనా వస్తాయి కదా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అప్పుల్లో ఉన్న రైతును ఇనుము దాచుకోమనడం న్యాయం కాదు. ఊళ్లో ఉన్న ప్రతి ఇంజనునూ దాచమనీ ఎవరూ అనడం లేదు. పదింటిలో ఒకటి చాలు. మిగిలినవాటిలో పనికొచ్చే భాగాలు దానికి పనికొస్తాయి. ఏడాదికోసారి పది నిమిషాలు నడిస్తే ఊరు కాలుష్యంతో నిండిపోదు.

లోకంలో ఇలాంటి పని చేస్తున్నవాళ్లు తక్కువేం కాదు. అమెరికాలో 1940ల నాటి చెట్లు కోసే చైన్‌సాలను కూడా విప్పి, పాత కంపెనీ రంగులే వెతికి పూసి నడిపించుకుంటున్నారు. ఇంగ్లాండులో పాత ఇంజన్ల కోసమే యాన్సన్ మ్యూజియం ఉంది. అంత దూరం ఎందుకు? మైసూరులో 1979లోనే రైల్వే మ్యూజియం పెట్టారు. బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఇంజన్లకు ప్రత్యేకంగా ఓ హాలే ఉంది. రాజులు ఎక్కిన రైలు పెట్టెకు నీడ దొరికింది. అన్నం పెట్టిన ఆయిలింజనుకు క్యాంపులో నాలుగు రేకులు దొరకవా?

పని చేయించడానికి మనుషులూ ఉన్నారు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు కంప్యూటరుతో నడిచే ఇంజన్ల గురించి చెబుతారు, మంచిదే. కానీ గాలి ఎలా ఒత్తుకుంటుంది, డీజిలు ఎప్పుడు పడుతుంది, గవర్నరు ఎలా పట్టి ఉంచుతుంది, ఇవి కళ్లారా కనబడేది ఈ పాత ఒంటి సిలిండరు ఇంజనులోనే. అది నేర్పగల మేస్త్రీలు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. చెవి పెట్టి చప్పుడు విని జబ్బు చెప్పే ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. ఇంజను తుక్కుకు వెళ్తే మరొకటి ఎక్కడైనా దొరకవచ్చు. మేస్త్రీ వెళ్లిపోతే మరి దొరకడు.

కాబట్టి పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. క్యాంపుకో ఇంజను చాలు. బడి ఆవరణలోనో, గుడి పక్కనో ఓ రేకుల పంచ వేయాలి. ఐటీఐ పిల్లలు విప్పాలి, ముసలి మేస్త్రీ పక్కన కుర్చీలో కూర్చుని చెప్పాలి. ఆయన చెప్పింది ఫోనులో రికార్డు చెయ్యాలి. ఆ ఇంజను ఎవరిది, ఏ పొలానికి నీళ్లు పెట్టింది, ఎవరు బాగుచేసేవారు, ఈ నాలుగు ముక్కలు తెలుగులోనూ కన్నడంలోనూ రాసిన బోర్డు పెట్టాలి. పక్క ఊరి కన్నడ పిల్లలు కూడా చదువుకోగలగాలి. అది వాళ్ల తాతల కథ కూడా.

వచ్చే ఆయుధపూజకు ఆ పెద్దావిడ మళ్లీ కుంకుమ భరిణె పట్టుకుని వస్తుంది. ఈసారి బొట్టు పెట్టి ఊరుకోకుండా, మనవడి చేత హ్యాండిలు తిప్పించాలి. చప్పుడు మొదలయ్యాక ఆవిడను ఏమీ అడగక్కర్లేదు. ఆ క్యాంపు ఎలా పుట్టిందో ఆవిడే చెప్పడం మొదలుపెడుతుంది.