చెఱసాలలో మనోవైద్య శిక్షణము

అమెరికాలో ఫెడరల్ కారాగారశాఖవారు మనస్తత్వశాస్త్ర విద్యార్థులకు చెఱసాలలయందే ఏడాది శిక్షణ నొసంగుచు వచ్చిరి. వేతనము, సెలవులు, ఆరోగ్యబీమా, వృత్తిసంఘపు గుర్తింపు దానికి తోడయ్యెను. ఖైదీల తీవ్రరోగములను తెలిసియు నుపేక్షించుట రాజ్యాంగవిరుద్ధమని అచ్చటి సుప్రీముకోర్టు 1976లోనే తీర్పు చెప్పెను.

మన 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రాష్ట్రమున కొక్క చెఱసాలయందైనను మానసిక చికిత్సాలయ ముండవలెనని శాసించినది. గోడలు లేచినంత మాత్రమున చికిత్స జరుగదు, చేయువారు కావలెను. తగిన జీతము, భద్రత, భారత పునరావాస పరిషత్తు గుర్తింపు లేనిచో చదువుకొన్న యువజనులు చెఱసాల గడప త్రొక్కుదురా? ఖైదీకి వైద్యుని వెదకుకొను స్వేచ్ఛ లేదు. కావున బంధించిన ప్రభుత్వమే సమకూర్పవలెను. ఇందులకు రాష్ట్రప్రభుత్వములు రాబోవు ఆయవ్యయపట్టికలో ప్రత్యేకముగ ధనము కేటాయింపవలెనని మేము కోరుచున్నాము.